దూది దిగేదాక

మా మస్తానన్న పోయినంక ఆయన తలగడ విప్పే పని నా మీద పడ్డది. మేము దూదేకులోళ్ళం. మా ఇంటి పద్ధతి ఏందంటే, పోయినోళ్ళ పరుపు ఎవరికైనా ఇయ్యొచ్చు గాని తలగడ మాత్రం ఇయ్యొద్దు. దాన్ని విప్పి లోపలి దూదిని పారే నీళ్ళల్ల వదిలెయ్యాలె. మనిషి ఎవరికీ చెప్పుకోని మాటలన్నీ తలగడలనే ఇంకి ఉంటయని మా నాయన అనేటోడు. మున్నేరు ఒడ్డున రాయి మీద కూసొని కత్తెరతోని కుట్లు విప్పుతుంటే, బూరుగు దూది నడుమ ఏదో గట్టిగ చేతికి తగిలింది. తీసి చూస్తే క్యాసెట్టు. పాత చీరముక్కల చుట్టి ఉన్నది. మీద పేరు లేదు, ఏమీ లేదు. రాయకున్నా అదేందో నాకు తెలిసింది. అంటే ఇన్నేండ్లు మా అన్న ఏ ఊర్ల, ఏ కిరాయి గదిల పడుకున్నా దాని మీదనే తల పెట్టి పడుకున్నడు. నేనేమో అది పోయిందనుకుంట బతికిన.

అన్న ఉన్నప్పుడు హైదరాబాద్ నుంచి మేఘన అనే పిల్ల ఆయన దగ్గరికి వచ్చి పోయేది. సంగీతం మీద ఏదో పెద్ద చదువు చదువుతున్నది. ఆయన గురించి రాసినప్పుడల్లా ‘ప్రయోగాత్మక సంగీతకర్త, బహువాద్యకారుడు’ అని రాస్తది. చదివి నేను నవ్వుకుంట. మా ఊర్ల ఆయన పేరు తిక్క మస్తాను. ఆ క్యాసెట్టును ఆ పిల్ల చేతుల్నే పెట్టిన. ఎవరెవరితోనో శుభ్రం చేయించి, లోపలున్నదంతా ఒక చిన్న నల్ల డబ్బాలకు ఎక్కించుకొని ఈ పొద్దున వచ్చింది.

“ఆంటీ, టేపు బాగా పాడైంది. అయినా చాలావరకు వచ్చింది. సార్ మొదటి కంపోజిషన్ ఇదే అనుకుంటున్నాం” అన్నది. ఆ తర్వాత జర నసిగింది. “మధ్యలో ఒకచోట మాత్రం ఏమీ లేదు. అన్ని వాయిద్యాలూ ఆగిపోతాయి. ఊరికే టేపు గరగర. విడుదల చేసేవాళ్ళు ఆ ముక్క కత్తిరించేద్దామంటున్నారు. వినేవాళ్ళు చెడిపోయిందనుకుంటారట. మీరు సరేనంటేనే.”

“దాంట్ల ఆడగొంతు ఉన్నదా బిడ్డా?”

“ఆడగొంతా? లేదాంటీ. క్లారినెట్ ఉంది, బుల్బుల్‌తార ఉంది, డోలు ఉంది, మీ దూదేకే విల్లు కూడా ఉంది. గొంతు అయితే ఎవరిదీ లేదు.”

“మంచిగ ఇన్నవా?”

“కంప్యూటర్లో కూడా వెతికాం. ఎవరి గొంతు ఆంటీ?”

“మా అమ్మది” అన్న.

ఆ పిల్ల మొఖం చిన్నబోయింది. ఆ క్యాసెట్టు ఎట్ల తయారైందో కొంత చెప్పి, కత్తిరించుడు సంగతి రేపు చెప్తనని పంపించిన. నల్ల డబ్బా ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది. మీట నొక్కితే మోగుతదట. పొద్దున్నుంచి నొక్కలే. నొక్కితే అమ్మ లేదని తేలిపోతది గదా, అదే భయం. ఎక్కడో ఒక టేపుల అమ్మ ఉండే ఉంటదనే ధైర్యం మీద ముసలిదాన్నైన మనిషిని నేను. అందుకే ముందు రాసుకుంటున్న. బడిల పిల్లలకు ఏండ్లకేండ్లు తెలుగు చెప్పిన, కథల పుస్తకాలు కూడ అచ్చేసుకున్న. వాటిల్ల నా భాష ఇస్త్రీ చేసిన చీర లెక్క ఉంటది. ఇది మాత్రం ఇంటి మాటల్నే రాస్త. అమ్మ వింటే గుర్తుపట్టాలె గదా.

దుమ్ముగూడెంల మా ఇల్లు గోదారికి దగ్గర. గట్టు మీది గాలి తిన్నగ మా వసారాలకే వచ్చేది. వసారా దూలానికి నాయన విల్లు వేలాడుతుండేది. మనిషంత పొడుగు కొయ్య, దానికి లాగి కట్టిన నరం. కింద దూది కుప్ప పోసి, చేతిల కొయ్యతోని నరాన్ని కొడితే ధన్, ధన్ మని మోగుకుంట దూదిని ఎగజిమ్మేది. తెల్లారింది మొదలు ఇంట్ల అదే మోత. ఏది ముట్టుకున్నా నూగే. అన్నంల నూగు, చాయల నూగు, నాయన కనుబొమ్మల మీద నూగు. పొద్దునపూట నల్లగ ఉండే నాయన పొద్దుగూకేసరికి ముసలోడైతడని చిన్నప్పుడు నిజంగనే నమ్మిన. బావి కాడ నాలుగు చెంబులు పోసుకొని వచ్చి మళ్ళ పడుచోడయ్యేటోడు.

ఎండకాలం అడివిల బూరుగు కాయలు పగిలేటియి. గూడేల నుంచి ఆడోళ్ళు గంపలల్ల ఆ దూది తెచ్చేటోళ్ళు. వాళ్ళతోపాటు ఇప్పపువ్వు వాసన కూడ ఇంట్లకు వచ్చేది. వాళ్ళ మాటలు అమ్మకు కొన్ని వచ్చు. వసారా మెట్ల మీద కూసొని వాళ్ళ భాషల వాళ్ళతోని పకపక నవ్వేది. “ఏమన్నరమ్మా?” అని అడిగితే, “మీ నాయన గురించేలే, నీకెందుకు?” అనేది. నాయన ఇననట్టు దూది ఏకుకుంట ఉండేటోడు గాని ఆయన చెవులు ఎర్రగయ్యేటియి.

నాయనకు ఒక అలవాటు ఉండె. పని మొదలుపెట్టే ముందు నరాన్ని ఒక్కసారి మీటి, కండ్లు మూసుకొని ఇనేటోడు. మనసుకు రాకుంటే మళ్ళ బిగించేటోడు. మనసుకు వచ్చిందంటే లోపల్నుంచి అమ్మ గొంతు అందుకునేది. మాటల్లేని కూనిరాగం. నరం ఏ స్వరంల ఉంటే అమ్మ కూడ ఆ స్వరంల్నే తిరిగేది. పిండి పిసుక్కుంటనో, పరుపు అంచులు కుట్టుకుంటనో దినమంతా అదే తీసేది. “ఏం పాటమ్మా అది?” అంటే, “పాట గాదే. నరం ఒక్కతే అరుస్తుంటది గదా, దానికి తోడు” అనేది. ఒక్కొక్కసారి నాయన కొట్టుడు ఆపి బీడీ ముట్టించుకుందామని గట్టు దిక్కు పోయినప్పుడు, లోపల అమ్మ రాగానికి వసారాల ఎవరూ ముట్టని విల్లు గుయ్యిమని సన్నగ పలికేది. అది చూసి నేను జడుసుకొని ఏడిస్తే, నాయన వచ్చి నరం మీద అరచెయ్యి ఆనిచ్చి, “మీ అమ్మ ఉన్నదే దీంట్ల. సూడు” అని నా చెయ్యి కూడ పెట్టించిండు. అరచేతిల చీమలు పాకినట్టయింది.

బీడీ అంటే గుర్తొచ్చింది. మా ఇంటి గడప లోపల నిప్పు పేరెత్తొద్దు. దూది ఇంట్ల దీపమంటే ఆటలు గాదు. మా నాయన పిల్లగాడుగ ఉన్నప్పుడు వాళ్ళ ఇల్లు ఒకసారి గట్లనే అంటుకున్నదట. అందుకని పొద్దుగూకే యాళ్ళకు విల్లు ఆపేటోడు. నరం వదులు చేసేటోడు. దూది మీద తడిగుడ్డ కప్పేటోడు. అయినా వెంటనే దీపం ముట్టియ్యొద్దు, గాలిల నూగు ఉంటది. అదంతా కిందికి దిగేదాక ఎక్కడోళ్ళం అక్కడ్నే కూసోవాలె. కదిలితే మళ్ళ లేస్తది. మాట్లాడొద్దు, తుమ్మొద్దు. పొద్దంతా మోగిన ఇల్లు ఒక్కసారిగ గప్‌చిప్. తలుపు సందుల నుంచి పడే ఆఖరు ఎండల నూగు మెల్లగ, మెల్లగ దిగుతుండేది. అన్న నా చెవి కాడికి వచ్చి, “ఇను సైదా, దిగుతున్న సప్పుడు” అనేటోడు. “నీ మొఖం” అనేదాన్ని. నాకేం వినపడకపోయేది. ఇంతల లోపల్నుంచి అమ్మ పిలిచేది. “సైదా, దీపం ముట్టియ్యవే.” “ఆఁ, ముట్టిస్తున్ననే” అని నేను లేచి కందీలు వెలిగించేదాన్ని. అమ్మ మళ్ళ రాగం అందుకునేది. దినం దినం ఇదే. దాంట్ల ఒక విశేషమున్నదని అప్పుడు ఎవరికి తెలుసు?

మా పని గురించి ఇంకొక్క సంగతి చెప్పకుంటే అన్న చేసింది అర్థం గాదు. కొత్త పరుపులు కుట్టించుకునేటోళ్ళు తక్కువ. ఎప్పుడో పెండ్లికి కుట్టించుకున్న పరుపు తెచ్చి పడేసేటోళ్ళే ఎక్కువ. లోపల దూది అణిగి అణిగి గడ్డ కట్టి ఉండేది. నాయన దాన్ని వేళ్ళతోని తుంపి, పిడికెడు కొత్త దూది తోడు పెట్టి ఏకితే, అదంతా పొంగి వసారా నిండేది. “సూసినవా, ఎట్ల లేసిందో! పాత దూది ఎక్కడికీ పోదు రా. తోడు పెట్టి మళ్ళ ఏకితే సాలు” అని అన్నకు చెప్పేటోడు. ఏకినంక పాతదేది, కొత్తదేది అని ఏరుడు ఉండదు. పాతదాన్ని పక్కకు తీసి దాచుకునుడు అసలే ఉండదు. ఈ మాట మా అన్న నెత్తిల గట్టిగ కూసున్నది.

అన్న చేతికి ఏది దొరికితే అది వాయించుడే. ఖమ్మం పోయి బ్యాండు మేళంల చేరి క్లారినెట్ నేర్చిండు. నాటకాలోళ్ళ వెంబడి కొన్నాళ్ళు తిరిగి హార్మోనియం నేర్చిండు. భద్రాచలం జాతరల బుల్బుల్‌తార కొనుక్కున్నడు. గూడెంల పెద్దమనుషుల పక్కన కూసొని, వాళ్ళు తిట్టినా లేవకుంట డోలు పట్టిండు. ఏది పట్టినా ఆఖరికి అది నాయన విల్లు లెక్కనే మోగాలె ఆయనకు. ఒక పెండ్లి ఊరేగింపుల అందరు సినిమా పాట వాయిస్తుంటే, ఈయన ఒక్క స్వరం పట్టుకొని బజారు దాటేదాక వదల్లేదట. పిల్లగాని తండ్రి ఉరికొచ్చి, “ఏంది, ఎవరన్న సచ్చిన్రా?” అని కేకలేసిండట. బ్యాండు మాస్టరు ఆ దినమే ఇంటికి పొమ్మన్నడు. వచ్చి చెప్తుంటే అమ్మ నవ్వలేక నవ్వలేక దగ్గు తెచ్చుకున్నది.

ఆ దగ్గు అప్పటికే ముదిరింది. పుట్టినప్పటి సంది దూది పీల్చిన రొమ్ము గదా. మణుగూరు గనుల కాలనీల క్వార్టర్లకు పరుపులు కుట్టనీకి అన్న పోయినప్పుడు, బదిలీ మీద పోయే ఒక ఆఫీసరు తన పాత టేపురికార్డరు అన్నకు ఇచ్చేసిండు. అన్న దాన్ని పసిపిల్లను పట్టుకొచ్చినట్టు పట్టుకొచ్చిండు. మొట్టమొదలు ఏం పట్టిండో చెప్పాల్నా? పొద్దుగూకే యాళ్ళకు వసారాల పెట్టి మీట నొక్కిండు. నాయన దూది ఏకుడు, లోపల అమ్మ రాగం, విల్లు ఆపుడు, నూగు దిగేదాక నిమ్మళం, అమ్మ పిలుపు, నా జవాబు, మళ్ళ అమ్మ రాగం. అంతా ఎక్కింది. మోగించి ఇనిపిస్తే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. “ఇది నేనా? బాయిల నుంచి ఎవరో పిలిచినట్టున్నది గదరా. తీసెయ్ దాన్ని” అన్నది. అన్న తియ్యలే.

ఆ వానకాలం గోదారి రోడ్ల మీదికి వచ్చింది. అమ్మకు ఊపిరి అందుతలేదని ట్రాక్టరు మీద ఎక్కించుకొని భద్రాచలం దవాఖానాకు తీసుకపోయినం. దోవ పొడుగునా అమ్మ తల నా ఒళ్ళనే ఉన్నది. వరద తీసినంక ఊరికి వచ్చినం గాని అమ్మ రాలే. నాయన విల్లు దింపలే, కొట్టలే. దూది తెచ్చినోళ్ళను తెచ్చినట్టే పంపించిండు. గాలిల నూగు లేని ఇంట్ల మాకు ఊపిరాడకపోయేది.

అయితే పొద్దుగూకే యాళ్ళకు మాత్రం అన్న టేపు పెట్టేటోడు. దానికోసం నాయన నరం బిగించి, వచ్చి కింద కూసునేటోడు. అమ్మ రాగం మొదలుగాంగనే నరం మీద అరచెయ్యి ఆనిచ్చి, “ఉన్నది” అనేటోడు. టేపుల అమ్మ దీపం ముట్టియ్యమంటే నేను నిజంగనే లేచి ముట్టించేదాన్ని. ఇరుగుపొరుగోళ్ళు చూసి, ఈ ఇంటికి గాలి సోకిందన్నరు. సోకితే సోకనీ అనిపించేది నాకు.

రోజూ పెట్టి పెట్టి టేపు అరిగింది. చెమ్మకు బూజు పట్టింది. అమ్మ గొంతు సన్నబడ్డది. “అణిగిపోతున్నది సైదా” అన్నడు అన్న ఒకనాడు, పరుపుల దూది గురించి అన్నట్టే. “తోడు పెట్టి మళ్ళ ఏకాలె.” ఖమ్మం పోయి అదే బ్యాండు మాస్టరును బతిమాలి ఇంకో టేపురికార్డరు, ఇంకో క్యాసెట్టు తెచ్చిండు. ఒకదాంట్ల అమ్మ మోగుతుంటే పక్కన కూసొని తాను మెల్లగ క్లారినెట్ ఊదిండు. రెండూ కలిసి రెండోదాంట్ల ఎక్కినయి. నూగు దిగే కాడ మాత్రం ఆగిపోయిండు. “ఆమె మాట మీద నా ఊదుడు పడొద్దు” అన్నడు. మోగిస్తే ఎంత బాగున్నదో! అమ్మ పక్కన ఎవరో వచ్చి కూసున్నట్టే ఉన్నది. నిజంగనే లేసింది అనుకొని ఇద్దరం ఏడ్చినం.

కొన్నాళ్ళకు అది కూడ సన్నబడ్డది. ఈసారి రెండో క్యాసెట్టు మోగించుకుంట, బుల్బుల్‌తార తోడు పెట్టి, మొదటి క్యాసెట్టు మీదికే ఎక్కించిండు. మొదటిదాంట్ల ఉన్న అసలు అమ్మ తుడుచుకపోయింది. తుడుచుకపోతదని తెల్వదా అంటే తెలుసు. అమ్మ కొత్తదాంట్లకు వచ్చేసింది గదా, ఇంక పాతదెందుకు అనుకున్నడు. నేనూ అట్లనే అనుకున్న. దూది పనోళ్ళ ఇంట్ల పుట్టినోళ్ళం, ఇంకెట్ల అనుకుంటం? మళ్ళ సన్నబడితే డోలు, మళ్ళ సన్నబడితే విల్లు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. ఆఖరికి రెండో క్యాసెట్టు నలిగి తెగింది, మిగిలింది ఒక్కటే. ఈ పొద్దున ఇది చెప్తే మేఘన నెత్తి పట్టుకున్నది. “అయ్యో ఆంటీ, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎక్కించిన ప్రతిసారీ ముందున్న గొంతు వెనక్కి వెళ్ళిపోతుంది, గరగర పెరుగుతుంది” అన్నది. ఆ మాట చెప్పేటోళ్ళు అప్పుడు దుమ్ముగూడెంల మాకు ఎవరున్నరు?

ఒకనాడు అన్న టేపు పెట్టిండు. నాయన నరం మీద చెయ్యి ఆనిచ్చిండు. చాలాసేపు ఆనిచ్చి ఉంచిండు. ఎప్పటి లెక్క ఏమీ అనలే. అంతా అయిపోయినంక చెయ్యి తీసి, అంగీకి తుడుచుకున్నడు.

“ఇదంతా నువ్వే రా మస్తానూ. మీ అమ్మ లేదు దీంట్ల.”

అన్న నమ్మలే. వెనక్కి తిప్పి మళ్ళ పెట్టిండు. డబ్బాకు చెవి ఆనిచ్చి ఇన్నడు. నన్ను కూడ ఇనమన్నడు. నాకు వినపడ్డట్టే ఉండె. వినపడాలని ఇన్ననా, నిజంగ వినపడ్డదా, ఇప్పటికీ చెప్పలేను. అన్న అట్లనే గోడకు జారగిలబడి, పెద్ద మనిషి పసిపోరని లెక్క ఎక్కెక్కి ఏడ్చిండు. “సైదా, ఖబరస్థాన్ల ఒకసారి పూడ్చినం. దీంట్ల నేను ఇంకోసారి పూడ్చిన” అన్నడు. నాయన ఏమీ తిట్టలే. తిడితే బాగుండేది. పొద్దునకల్లా అన్న క్లారినెట్టు, క్యాసెట్టు సంచిల వేసుకొని ఖమ్మం బస్సెక్కిండు. పోయేటప్పుడు దూలం మీది విల్లు కూడ విప్పుకొని పోయిండు.

అక్కడినుంచి మొదలైందట ఆయన సంగీతం. మేఘన అట్లనే రాస్తది. మాకు తెలిసింది వేరే. ఖమ్మంల ఒక పెద్ద హాల్ల ఆయన కార్యక్రమం పెడితే నాయనను తీసుకొని పోయిన. మా దిక్కు దూది పనోళ్ళను పిలిపించి స్టేజీ మీద వరుసగ విల్లులు కట్టించిండు. నడుమ తాను, చుట్టూ క్లారినెట్టు, డోలు, బుల్బుల్‌తార. విల్లులన్ని ఒక్కసారి మోగితే హాలు గోడలు అదిరినయి. జనం మొదలు బిత్తరపోయిన్రు, తర్వాత కుదురుకున్నరు. అట్ల మోగి మోగి ఒక్కపెట్టున అన్నీ ఆగినయి. ఆగి, ఆగి, ఇంక మొదలుగాలే. వెనక వరుసలకెల్లి ఒకడు, “ఏంది మస్తానూ, నరాలు తెగినయా?” అని అరిచిండు. ఇంకొకడు, “మైకుకు కరెంటు పోయినట్టుంది” అన్నడు. నవ్వులు, ఈలలు. కొందరు అయిపోయిందనుకొని చప్పట్లు కొట్టి లేచి పోయిన్రు. అన్న కండ్లు మూసుకొని కదలకుంట కూసున్నడు. నేను నాయన దిక్కు చూసిన. నాయన తల పైకెత్తి, హాలు కప్పు నుంచి ఏదో దిగుతున్నట్టు చూస్తున్నడు. ఆ మొఖం చూసి నేను కూడ కప్పు దిక్కు చూసిన. చాలాసేపటికి క్లారినెట్టు మళ్ళ లేసింది. బయటికి వచ్చినంక అన్న కాళ్ళకు మొక్కితే, నాయన ఒక్క మాటే అన్నడు. “ఆగినకాడ బాగున్నది రా.” తర్వాత ఆయనకు ఎన్ని ఊర్లల్ల ఎన్ని శాలువాలు కప్పిన్రో గాని, ఆ మాటకు మురిసినంత దేనికీ మురవలే.

ఆ ఖాళీ లేకుండ అన్న ఏదీ వాయించలే. పేపరోళ్ళు దానికి ఏవేవో పెద్ద పేర్లు పెట్టిన్రు. అడిగినోళ్ళకు అన్న అవ్, అవ్ అని తల ఊపేటోడు. మార్కెట్ యార్డు వెనక కిరాయి గదిల ఉండేటోడు. మిర్చి ఘాటుకు నేను తుమ్ముకుంట పోయి అన్నం గిన్నె పెట్టి వచ్చేదాన్ని. “ఎందుకన్నా ప్రతిదాంట్ల గట్ల ఆగుతవ్? జనం తిడుతున్నరు” అని ఒకసారి అడిగిన. “నూగు దిగాలె గదనే” అన్నడు. గిన్నె మూత తీసుకుంట, “ఎన్నడన్న పిలుస్తదేమోనని” అన్నడు. “ఆ క్యాసెట్టు ఏదన్నా? ఒక్కసారి ఇనిపియ్యవా?” అంటే, “ఎక్కడో పోయింది సైదా” అని తలగడ సర్దుకొని అటు తిరిగి పడుకున్నడు. మనిషి ఎంత అబద్ధమాడిండో చూడు! నా ముందలనే దాని మీద తల పెట్టుకొని మరీ ఆడిండు. కోపమొస్తది, వెంటనే గుండె చెరువైతది. నాకు ఇనిపిస్తే నేను కూడ “అమ్మ లేదు” అంటనని భయపడ్డడేమో.

ఇప్పుడు దూది ఏకేటోడే కనపడడు. దుమ్ముగూడెం పోయినా అందరి ఇండ్లల్ల స్పాంజి పరుపులే. అవి అణిగితే అణిగినట్టే, పారేసుడే. మళ్ళ లేపేటోళ్ళు లేరు, లేవనీకి లోపల ఏమీ లేదు. మా ఇంట్ల కరెంటు పోతే ఇన్వర్టరు దానంతటదే అందుకుంటది, రెప్పపాటు చీకటి కూడ ఉండదు. దీపం పెట్టమని నన్ను ఎవరూ పిలవాల్సిన పని లేదు. చీకటైందని కూడ నాకు తెల్వనియ్యదు. సుఖమే, కాదనను. గాని దినంల ఒక్కసారి ఇంటిల్లిపాది నోరు మూసుకొని ఒక దిక్కే చూసుకుంట కూసున్న ఆ కాసేపు, అట్లాంటిది నా పిల్లలకు ఏం ఇచ్చిన అని ఆలోచిస్తే ఏమీ కనపడదు.

ఇదంతా రాసేసరికి పొద్దుగూకే యాళ్ళయింది. మా ఆయన మగ్రిబ్ నమాజుకని మసీదుకు పోయిండు. ఇంట్ల నేనొక్కదాన్నే. లైటు వెయ్యలే. కిటికీల నుంచి కొంచెం ఎండ ఇంకా బల్ల మీద పడుతున్నది. ఇంక ఎన్నాళ్ళు భయపడుత అనుకొని డబ్బా మీట నొక్కిన.

మొదలు అంతా గరగర. దాంట్ల నుంచి విల్లు వచ్చింది, ధన్, ధన్ అని. అది నాయన చెయ్యి గాదు, అన్న చెయ్యి. తర్వాత డోలు. బుల్బుల్‌తార. అన్నిటి కింద క్లారినెట్టు, పడుచు ఊపిరి. మా అన్న ఒక్కడే ఇంతమంది అయి కూసొని వాయిస్తున్నడు. చెవి డబ్బాకు ఆనిచ్చి అమ్మ కోసం ఇన్న. నరం స్వరంల ఏదన్న సన్నగ తిరుగుతున్నదా అని ఇన్న. అరచెయ్యి డబ్బా మీద పెట్టి చూసిన. లేదు. మేఘన అబద్ధం చెప్పలే. నాయన కూడ చెప్పలే. అమ్మ లేదు దీంట్ల. ఇన్నేండ్లు దాచుకున్న ధైర్యం అక్కడికి తీరిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్న, అమ్మ లెక్కనే.

అప్పుడు అన్నీ ఆగినయి.

ఒట్టి గరగర. కాదు, అంత ఒట్టిదేం గాదు. ఆ సప్పుడు ఇంటుంటే నాకు తెలిసింది. నూగు దిగితే, దానికి సప్పుడంటూ ఉంటే, ఇదే. ఇన్నేండ్లకు వినపడ్డది అన్నా నీ సప్పుడు. నేను కదల్లే. కిటికీ ఎండల దుమ్ము మెల్లగ దిగుతుంటే చూసుకుంట కూసున్న. ఎంతసేపు ఆగాల్నో నాకు ఎవరూ చెప్పే పని లేదు, నా ఒంటికి తెలుసు. అంతా కిందికి దిగింది. ఇంక అమ్మ పిలవాలె.

“ఆఁ, ముట్టిస్తున్ననే” అన్న.

లేచిన. మసక చీకట్ల గోడ తడుముకుంట పోయి లైటు వేసిన. నా చెయ్యి స్విచ్చి మీద ఉండంగనే వెనకనుంచి అన్న క్లారినెట్టు మళ్ళ మొదలైంది.

కండ్లు తుడుచుకొని మేఘనకు ఫోను చేసిన. “ఆ ఖాళీ కాడ కత్తెర పెట్టకు బిడ్డా” అన్న. “మా అమ్మ పిలిచేది అక్కడ్నే.”